చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వాళ్లు నన్ను వృత్తి అనుభవాల మీద మాట్లాడమన్నారు. భవనాలకు ఎయిర్ కండిషనింగ్ ఏర్పాటు చేయడం నా వృత్తి. దాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడితే ఈ హాల్లో ఏసీ లేకపోయినా అందరూ హాయిగా నిద్రపోతారు. అందుకని విషయం కొంచెం మార్చుకుంటానని అడిగాను, ఒప్పుకున్నారు.

మీకందరికీ తెలుసు, ఈ ఏడాది నుంచి ప్రతి సంవత్సరం మన బడిలో ఒక శాస్త్రీయ సంగీత కచేరీ పెట్టాలని సంఘం నిర్ణయించింది. మొదటిది రేపు సాయంత్రం, ఇదే వేదిక మీద. ఈ సంగతి తెలిసిన రోజే పదో తరగతిలో నా పక్క బెంచీలో కూర్చున్న దోస్తు ఫోన్ చేశాడు. "కచేరీ పెట్టుండ్రి, మంచిదే. చందా గూడ ఇస్త. కని నేను మాత్రం రాను" అన్నాడు. ఎందుకురా అంటే, "ఎప్పుడు చప్పట్లు కొట్టాల్నో నాకు తెల్వది. కొడితే ఒక తప్పు, కొట్టకుంటే ఒక తప్పు. గీ వయసుల నాకెందుకు గా పరీక్ష?" అన్నాడు.

కొన్నేళ్ల కింద వాళ్లబ్బాయి పట్నంలో ఒక కచేరీకి తీసుకుపోయాడట. ఆలాపన మధ్యలో గాయకుడు పై స్థాయిలో ఒక గొప్ప సంగతి పలికించాడు. మావాడికి ఒళ్లు పులకరించి టపటపా చప్పట్లు కొట్టాడు. ముందు రెండు వరుసల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకుండానే అంతా అన్నారు. ఆ పాట అయిపోగానే లేచి బయటికి వచ్చేశాడు. మళ్లీ ఎప్పుడూ అటు పోలేదు.

వాడెవరో మీలో చాలామందికి తెలుసు, పేరు చెప్పను. చిన్నప్పుడు చిరుతల రామాయణంలో రెండు చేతుల్లో చిరుతలు పట్టుకుని, తిరుగుతూ, ఎగురుతూ, పాడుతూ, రాత్రంతా ఒక్క దెబ్బ తప్పకుండా ఆడినవాడు. లయ విషయంలో ఈ సభలో వాడికంటే గట్టివాళ్లు నలుగురైనా ఉంటారో లేదో. అలాంటివాణ్ణి శాస్త్రీయ సంగీతం గడప దగ్గరే ఆపేసింది ఏమిటి? స్వరం కాదు, తాళం కాదు. చప్పట్లు. ఇవాళ నా ప్రసంగం వాడి కోసం. వాడిలాంటివాళ్లు మనలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు కాబట్టి, అందరి కోసం.

మొదట మాట సంగతి చూద్దాం. చప్పట్లకు మన పత్రికలవాళ్లు రాసే మాట కరతాళధ్వనులు. కరమంటే చెయ్యి. తాళమంటే తాళమే. మన పల్లెల్లో చప్పట్లు ముందు సంగీతంలో భాగం, ఆ తర్వాతే మెప్పు. బతుకమ్మ చుట్టూ తిరిగే మా అక్కచెల్లెళ్ల చేతులే వాళ్లకు మద్దెల. శనివారం భజనలో తాళాలు దొరకనివాళ్లు చేతులతోనే తాళం వేస్తారు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలన్న అనుమానం అక్కడ ఎవరికీ రాదు. పాట మొదలైనప్పుడు మొదలవుతాయి, ముగిసినప్పుడు ఆగుతాయి. మెచ్చుకోవడం వేరుగా లేదు, పాల్గొనడమే ఉంది.

తెలుగువాళ్ల మిగతా కళల్లోనూ శ్రోత నోరు కట్టుకుని కూర్చోలేదు. హరికథనే తీసుకోండి. ఆదిభట్ల నారాయణదాసుగారు ఒక రూపం తెచ్చిన ఆ కళలో కథకుడు మధ్యమధ్య గోవింద నామం చెప్పిస్తాడు, సభ మొత్తం గొంతు కలుపుతుంది. కునుకుతున్నవాళ్లు కూడా లేస్తారు. ఆ నారాయణదాసుగారే 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు. శాస్త్రం తెలియక జనం చేత గోవింద కొట్టించలేదు, శాస్త్రం తెలిసే కొట్టించారు.

పద్యనాటకం సంగతి చెప్పక్కర్లేదు. హరిశ్చంద్రుడి కాటిసీను పద్యానికో, రాయబారంలో కృష్ణుడి పద్యానికో "వన్స్ మోర్" అని అరవని ఊరు తెలుగునాట ఉందా? నటుడు రాగం తీసి ముగించగానే వెనక నుంచి కేక. అతను కథలో ఉన్న చోటునుంచే వెనక్కి వచ్చి పద్యం మళ్లీ అందుకునేవాడు. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్లీ పడుకునేదని మన పెద్దలు నవ్వుతూ చెప్పుకునేవాళ్లు. ఇక ఇటు పట్నంలో ముషాయిరాకు వెళ్తే, మంచి షేర్ చదవగానే "వాహ్ వా" అంటారు, బాగా నచ్చితే "ముకర్రర్" అంటారు. మళ్లీ చదవమని అర్థం. మన వన్స్ మోర్‌కు అదే ఉర్దూ అన్న. చిల్కూరు నుంచి అటు చేవెళ్లకు, ఇటు హైదరాబాదుకు ఒకే రోడ్డు ఉన్నట్టు, మనకు రెండు అలవాట్లూ అందుబాటులోనే ఉన్నాయి.

"ఇదంతా మన పల్లెటూరి పద్ధతి, ఐరోపాలో అయితే నిశ్శబ్దంగా వింటారు" అంటారు కొందరు. వాళ్లకు మొజార్ట్ కథ చెప్పాలి. 1778లో పారిస్‌లో అతని సింఫనీ వాయించారు. జనానికి ఏ చోట నచ్చుతుందో ముందే ఊహించి ఒక ముక్క పెట్టాడట. వాద్యం మోగుతుండగానే, ఆ ముక్క రాగానే జనం చప్పట్లు కొట్టారు. కోపం వచ్చిందా? లేదు. సంబరపడి తండ్రికి ఉత్తరం రాశాడు. కచేరీ అయ్యాక వెళ్లి ఐస్‌క్రీం తిన్నానని కూడా రాశాడు.

తర్వాత నూరేళ్లకు అక్కడ గాలి మారింది. 1882లో బైరాయిత్‌లో వాగ్నర్ తన పార్సిఫల్ ఆడించాడు. అంకం చివర నటులు తెర ముందుకు వచ్చి దండాలు పెట్టే అలవాటు వద్దన్నాడు. అసలు చప్పట్లే వద్దన్నాడేమోనని జనం బిగుసుకుపోయారు. తర్వాత ఒక ప్రదర్శనలో ఒక సన్నివేశం తనకే నచ్చి వాగ్నర్ "బ్రావో" అని కేక వేస్తే, అది ఎవరి కేకో తెలియక పక్కవాళ్లు "ష్" అని ఆయన నోరే మూయించారు. రాసినవాడినే గద్దించే దాకా పోయింది మర్యాద! నా దోస్తును వెనక్కి తిరిగి చూసిన రెండు వరుసల వాళ్లు ఈ బడికి చెందినవాళ్లే.

అయితే ఎవరికి తోచినప్పుడు వాళ్లు కొట్టొచ్చా? అలా అనడం లేదు. ఇక్కడ నా వృత్తి కొంచెం పనికొస్తుంది.

సంగీత మందిరం కడుతున్నప్పుడు మా ఏసీ వాళ్లకు పెట్టే మొదటి షరతు శబ్దం. మనుషులు లేనప్పుడు, ఏసీ నడుస్తున్నప్పుడు హాల్లో శబ్దం 25, 30 డెసిబెల్స్ దాటకూడదు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు 60. చూడటానికి రెట్టింపే అనిపిస్తుంది. కానీ డెసిబెల్ లెక్క వేరు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుంది. 30కి, 60కి మధ్య తేడా వెయ్యి రెట్లు. ఆ 30ని సాధించడానికి మేము గొట్టాలు వెడల్పు చేస్తాం, ఫ్యాన్ల కింద స్ప్రింగులు పెడతాం, లక్షలు ఖర్చు పెట్టిస్తాం. కచేరీ మొదలయ్యాక మూడో వరుసలో ఒకాయన "ఇది కల్యాణా, యమునా కల్యాణా?" అని పక్కవాణ్ణి అడుగుతాడు. లక్షలు పోయాయి.

వీణ తీగ మీటగానే ధ్వని పుట్టి తగ్గిపోతూ ఉంటుంది. ఆ తగ్గిపోయే ధ్వనిలోనే తీగను లాగి గమకం పలికిస్తారు. అసలు రుచి అక్కడే ఉంది. ఆ క్షణంలో ప్లాస్టిక్ కవరు గలగలమన్నా చాలు, ఆ గమకం మనకు చేరదు. కాబట్టి నిశ్శబ్దం మర్యాద కోసం కాదు, వినబడటం కోసం. ఈ తేడా తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది. సంతోషంతో పైకి వచ్చిన ఒక "ఆహా" కచేరీని చెడగొట్టదు. ఐదు నిమిషాల గుసగుస చెడగొడుతుంది. మనం మాత్రం ఆహా అన్నవాణ్ణి చూసి మొహం చిట్లిస్తాం, గుసగుసలవాణ్ణి క్షమిస్తాం.

ఇంకొక సంగతి. 1895లో హార్వర్డ్‌లో శాబిన్ అనే ఫిజిక్స్ అధ్యాపకుడికి ఒక ఉపన్యాస మందిరం అప్పగించారు. అందులో మాట్లాడిన మాట 5 సెకన్లకు పైగా మారుమోగేది. ఒక మాట మీద ఇంకో మాట పడి ఏదీ అర్థమయ్యేది కాదు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి సీటు మెత్తలు మోసుకొచ్చి, ఎన్ని మెత్తలు వేస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. నేటి ధ్వని శాస్త్రం అక్కడే మొదలైంది. ఆయన లెక్కల్లో మనుషులు కూడా ఉన్నారు. మన ఒళ్లు, మన బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. మన ఈ హాలు బండల నేల, సున్నం గోడలు. ఖాళీగా ఉంటే మోగుతుంది. నిండుగా ఉంటే పాట స్పష్టంగా వినిపిస్తుంది. అంటే నా దోస్తు రేపు వచ్చి ఊరికే కూర్చున్నా సంగీతానికి సాయం చేసినట్టే. చప్పట్ల సంగతి తర్వాత.

ఇక ఆ చప్పట్ల సంగతి. రేపు కచేరీకి వచ్చే పిల్లల కోసం, మా దోస్తు కోసం ఒక చిన్న దారి పటం ఇస్తాను. అరియక్కుడి రామానుజ అయ్యంగారు స్థిరపరిచారని చెప్పుకునే పద్ధతిలోనే ఇప్పటికీ మన కచేరీలు నడుస్తున్నాయి. మొదట వర్ణం. తర్వాత కొన్ని కృతులు. మధ్యలో ఒక పెద్ద రాగం, దాని ఆలాపన. గాయకుడు ఆలాపన ముగించి ఆగుతాడు. అప్పుడు చప్పట్లు. అదే రాగాన్ని వయొలిన్ వాయించి ఆపుతుంది. అప్పుడూ చప్పట్లు. చాలామంది ఇక్కడ మరిచిపోతారు. గాయకుడికి ఎంత కొట్టామో వయొలిన్‌కూ అంత కొట్టాలి. తర్వాత కృతి, అందులో ఒక పంక్తిని పట్టుకుని నెరవల్, ఆపైన స్వరకల్పన. స్వరాలు లెక్క కుదిరి పల్లవి ఎత్తుగడ దగ్గరికి వచ్చి వాలతాయి. మీ చెయ్యి దానంతట అదే లేస్తుంది. లేవనివ్వండి.

ఆ తర్వాత తని ఆవర్తనం. మృదంగం, ఘటమో కంజీరో ఉంటే అవి కూడా, వంతులు వేసుకుని వాయిస్తాయి. పెద్ద ఊళ్లలోనూ, పేరున్న సభల్లోనూ ఇక్కడే కుర్చీలు కిర్రుమంటాయి. గంటన్నర నుంచి ఎదురు చూస్తున్నట్టు సగం మంది లేచి కాఫీకి పోతారు. మద్రాసు డిసెంబరు సభల క్యాంటీన్లకు ఇదే మంచి గిరాకీ వేళ అని జోకులున్నాయి. ఒక్కసారి వేదిక మీది మనిషి కళ్లతో చూడండి. గాయకుడి పాటకు గంటన్నరసేపు తన చేతులతో దారి వేసిన మృదంగ విద్వాంసుడికి ఆ సాయంత్రం తనదంటూ ఉన్నది ఆ పది పదిహేను నిమిషాలు. తల ఎత్తితే కనబడేది మన వీపులు. తప్పు చోట చప్పట్లు కొట్టడం చిన్న విషయం. ఇది పెద్దది.

తని ఆవర్తనం అర్థం కాదంటారా? చిరుతలు ఆడినవాళ్లకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది? గాయకుడి చెయ్యి చూడండి. ఆది తాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. మీ తొడ మీద చప్పుడు లేకుండా మీరూ వేయండి. మృదంగం ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది, మీ ఎనిమిది మాత్రం కదలదు. చివరికి ఒక ముక్తాయింపు మూడు సార్లు వస్తుంది. మొదటిసారికి గుర్తుపడతారు, రెండోసారికి మీరూ లోపల పలుకుతారు, మూడోసారికి గాయకుడు పల్లవి అందుకుంటాడు. ఆ పల్లవి మాటను ఒక్క క్షణం చెవిన పడనివ్వండి. ఆ తర్వాత చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టండి.

చివర మంగళం. బస్సు పోతుందని దానికి ముందే లేస్తాం. మన ఊరి బస్సుల సంగతి నాకు తెలుసు, అందుకే రేపటి కచేరీ ఐదున్నరకే పెట్టించాం.

"ఇంత గుర్తుపెట్టుకోవాలా?" అని భయపడకండి. చప్పట్ల మీద శాస్త్రవేత్తలు నిజంగానే పరిశోధనలు చేశారు. 2000లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రుమేనియా, హంగరీ థియేటర్లలో చప్పట్లను రికార్డు చేసి చూస్తే, మొదట ఎవరిది వాళ్లదిగా గలగలమన్నవి కాసేపటికి ఒక్క తాళంలోకి వస్తున్నాయి. అలా కలవడానికి జనం తమ వేగాన్ని దాదాపు సగానికి తగ్గించుకుంటున్నారు. ఎవరూ చెప్పకుండానే. 2013లో స్వీడన్ పరిశోధకులు ఇంకొకటి చూపించారు. ఒకడు చప్పట్లు మొదలుపెట్టేది ప్రసంగం నచ్చడం వల్ల కన్నా, గదిలో ఎంతమంది కొడుతున్నారో విని. ఆపడమూ అంతే. ఈ ప్రసంగం చివర మీరు కొట్టే చప్పట్లను నేను ఎలా అర్థం చేసుకోవాలో నాకు అప్పుడే తెలిసింది!

కాబట్టి మా దోస్తుకు చెప్పేదేమంటే, తెలియకపోతే పక్కవాణ్ణి చూడు. వాడు నిన్ను చూస్తున్నాడనుకో, ఇద్దరూ కలిసి కొట్టండి. తెలిసినవాళ్లకు చెప్పేదేమంటే, సరైన చోట మీరు ముందు మొదలుపెట్టండి, మిగతావాళ్లు అందుకుంటారు. వెనక్కి తిరిగి చూడటం కన్నా ఇది సులువు, ఫలితమూ ఎక్కువ. పండిట్ రవిశంకర్ ఈ విషయంలో మనందరికీ గురువు. 1971లో న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీలో ఆయన, అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకుని ఆపగానే వేలమంది చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానన్నాడాయన, నవ్వుతూ. ఎవరికీ తల వంపు కాలేదు, అందరికీ విషయం తెలిసింది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. సభా మర్యాద గురించి మాట్లాడితే మనం ఎప్పుడూ వెనక వరుసల వాళ్లకే చెబుతాం. నేను చూసినంతలో కచేరీని ఎక్కువ చెడగొట్టేది ముందు వరుస. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వస్తాడు. రాగం సగంలో ఆగుతుంది. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు, ప్రసంగం. ముప్పావు గంట తర్వాత అతిథి వెళ్లిపోతాడు, ఆయన వెంట రెండు వరుసలు ఖాళీ. గాయకుడు మళ్లీ శ్రుతి సరిచూసుకుని, పోయిన రాగాన్ని వెతుక్కోవాలి.

మన రోడ్డు పొడవునా ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు. అలాంటి ఒక రిసెప్షన్‌కు వెళ్లాను. ఒక మూల చిన్న తివాచీ మీద ఒకామె వీణ వాయిస్తోంది, పక్కన ఒక కుర్రాడు మృదంగం. ఇంకో మూల డీజే వాళ్లు స్పీకర్లు పరీక్షిస్తున్నారు. ప్లేట్లు పట్టుకుని జనం ఆమెను దాటుకుంటూ పోతున్నారు. నేనూ మా ఆవిడా కుర్చీలు లాక్కుని దగ్గర కూర్చున్నాం. పాట అయ్యాక ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఆమె తల ఎత్తి, "ఎవరైనా వింటున్నారని అనుకోలేదండీ, అందుకే చిన్నది వాయించాను. ఇప్పుడు పెద్దది వాయిస్తాను" అంది. నలభై నిమిషాలు వాయించింది. ముగించేసరికి చుట్టూ పదిహేను కుర్చీలు చేరాయి. చప్పట్లంటే ఏమిటో నాకు ఆ రోజు బాగా అర్థమైంది. అది బహుమతి కాదు. "వింటున్నాం, కానివ్వండి" అని చెప్పడం.

మన ఊరి బాలాజీ గుడి గురించి దేశమంతా చెప్పుకునే మాట ఒకటుంది. అక్కడ హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. మంత్రి అయినా, కూలీ అయినా 11 ప్రదక్షిణలు తన కాళ్లతో తనే తిరగాలి, మొక్కు తీరితే 108. ఆ పద్ధతి మన ఊరిదైనప్పుడు, మన ఊరి కచేరీ కూడా అలాగే ఉండాలని నా కోరిక. సంఘం ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

ఒకటి, శాలువాలు, ప్రసంగాలు కచేరీకి ముందే. మొదలయ్యాక ఎవరు వచ్చినా, ఎంతటివారు వచ్చినా, పాట ముగిసేదాకా తలుపు దగ్గర ఆగాలి. రెండు, సన్మానం నలుగురికీ సమానంగా. గాయకుడికి పట్టు శాలువా, మృదంగానికి తువాలు వద్దు. మూడు, ప్రతి పెద్ద రాగానికి ముందు ఒక నిమిషం, ఏం పాడబోతున్నారో తెలుగులో చెప్పాలి. మా రోజుల్లో పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మీద పాఠం పేరు రాసేవాళ్లు కదా సార్, అలాగే. నాలుగు, ముందు వరుస పిల్లలది. వాళ్లు తప్పు చోట చప్పట్లు కొడితే పెద్దలెవరూ కళ్లెర్ర చేయకూడదు. ఫోన్లు మాత్రం బ్యాగుల్లో పడుకోవాలి. ఆ విషయంలో పిల్లలకు కాదు, మనకే చెప్పాలి.

ఆ నాలుగింటికీ కార్యవర్గం నిన్న రాత్రే ఒప్పుకుంది. ఒప్పుకోని మనిషి ఒక్కడే మిగిలాడు, నా దోస్తు. వాడు ఇప్పుడు ఈ హాల్లోనే, వెనక తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. అరేయ్, రేపు నా పక్క కుర్చీ నీదే. తని ఆవర్తనంలో నాకు లెక్క తప్పితే నీ చెయ్యి చూసి సరిచేసుకుంటా. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో నువ్వు నన్ను అడగొద్దు. ఒళ్లు పులకరిస్తే కొట్టు. ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తే, ఇద్దర్నీ చూస్తారు.